ఉండటానికా, అమ్మడానికా

"ఇల్లు ఉండటానికి కొంటారా, అమ్మడానికి కొంటారా?"

పన్నుల ఆఫీసరమ్మ నన్ను అడిగిన మొదటి మాట ఇది. పేరడిగితే టక్కున చెప్పేవాణ్ణి. దీనికి మాత్రం నీళ్ళు నమిలాను. అయిదేళ్ళలో నాలుగు పాత ఇళ్ళు కొని, బాగుచేయించి, అమ్మేశాను. ఇప్పుడుంటున్నది అయిదోది. ఉండటానికి కొన్న ఇల్లు అమ్మితే ఒక రకం పన్ను. అమ్మడం కోసమే కొంటూ పోతే అది వ్యాపారం, దాని పన్ను వేరు. నేను ఏ రకమో ఆవిడ తేల్చాలి.

ఉండటానికేనండీ అన్నాను. మరి నాలుగూ ఎందుకు అమ్మారంది. ఒక చోట పక్కింటి కుక్క, ఇంకో చోట దోమలు అంటూ కారణాలు అల్లాను. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి పెన్ను కొరికింది. అంతే, నా పని అయిపోయింది. అప్పట్నుంచి అడగని కాగితాలు కూడా పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగాను. ఇంకేమీ ఇవ్వక్కర్లేదని విసుక్కునేది గానీ, కుర్చీ మాత్రం చూపించేది.

ఒకరోజు ఇల్లు చూడటానికి తనే వచ్చింది. నేను చొక్కా మార్చుకుని వచ్చేలోపే కొంప మునిగింది. మా అమ్మ దృష్టిలో, సంచీ తగిలించుకుని మా గోడల వైపు చూసే ప్రతి మనిషీ ఇల్లు కొనడానికి వచ్చినట్టే. ఆవిణ్ణి వంటింట్లోంచి మేడ దాకా తిప్పి, కొత్త పైపులు చూపించి, కుళాయి కూడా తిప్పి చూపిస్తోంది.

"రేటు దగ్గర మావాడు మరీ బిగుసుకోడమ్మా. నీకు నచ్చితే చాలు."

ఆఫీసరమ్మ నా వైపు చూసింది. ఈ ఇల్లు అమ్మకూడదని అప్పటికే నిర్ణయించుకున్నాను. కారణం ఆవిడే కాబట్టి అమ్మకి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆవిడ కళ్ళకి నేను ఎక్కడా కుదురుగా ఉండని మనిషిని. పన్ను కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది.

కొన్నాళ్ళకి నోటీసు వచ్చింది. దాని మీద ఇంకో ఆఫీసరు సంతకం. నాలుగిళ్ళదీ వ్యాపారమేనని తేల్చాడాయన. నిజమే కాబట్టి మారుమాట్లాడకుండా కట్టేశాను. కానీ ఆవిడ నా ఫైలు వదిలించుకుందన్న ఉక్రోషం మాత్రం తగ్గలేదు. సాయంత్రం ఆఫీసు మెట్ల దగ్గర పట్టుకుని, అమ్మ చేసినదానికి అంత చిరాకేసిందా అని అడిగేశాను.

ఆవిడ గొడుగు విప్పబోయి ఆగింది.

"మాకో రూలుంది. మనకి కావలసినవాళ్ళ ఫైలు మనం తేల్చకూడదు."

వాన పడుతోందనే సంగతే మర్చిపోయాను. ఆవిడే గొడుగు విప్పి నా మీదకి జరిపింది. ఆ దగ్గరితనంలో నాకు ధైర్యం వచ్చింది.

"ఆయన నన్ను వ్యాపారి అన్నారు. మీరేమంటారు?"

"ఆ నాలుగిళ్ళ వరకూ ఆయన చెప్పిందే రైటు" అంది, వానలోకి చూస్తూ. "ఈ ఇంటి సంగతి మాత్రం నేనొచ్చి ఉండి చూస్తే గానీ చెప్పలేను."