ఉన్ నుంచి సచిన్‌కు వెళ్లని మెయిల్

"సింధూజ ఎవరో వాళ్లకు తెలిసిపోయింది. ఒంటిగంట లోపు ఆమెను బయటికి రప్పించు."

అంతే. ఢిల్లీలోని చీఫ్ లైన్ కట్ చేశాడు. చీరల దుకాణాల్లో వాడే బార్‌కోడ్ స్కానర్‌లా కనిపించే శాటిలైట్ ఫోన్‌ని రఘుపతి బల్ల మీద పెట్టాడు.  

ఉన్ అనే పేటలోని ఆ బిల్డింగ్‌లో కింద రెండు అంతస్తుల్లో మరమగ్గాలు ఆడతాయి. పైన మార్కండేయ యార్న్ ఏజెన్సీ. అక్కడ అతను కంప్యూటర్లు చూసుకునే రఘుపతి. మందపు కళ్లద్దాలు, కొంచెం గూని, చొక్కా మీద నూలు పీచు. ఢిల్లీలో మాత్రం అతని పేరు ఏజెంట్ ట్వంటీసెవెన్. ఏజెన్సీ అమ్మే నూలు నిజమైనదే, దాని మెయిల్ సర్వర్ మాత్రం డిపార్ట్‌మెంట్‌ది. బయటి కంపెనీల మీద నమ్మకం లేక చీఫ్ పరమేశ్ దాన్ని సొంతంగా పెట్టించి, కాపాడే భారం రఘుపతి నెత్తిన వేశాడు.

దగ్గర్లోని సచిన్ అనే పేటలో ఉన్న నీలమణి ఎక్స్‌పోర్ట్స్ పైకి చీరల కంపెనీ, లోపల విదేశీ ముఠా. సింధూజ అక్కడ కేటలాగ్ మోడల్‌గా చేరి మార్కెటింగ్ మేనేజర్ అయింది. ఆమె తమ కోసం డిపార్ట్‌మెంట్ రహస్యాలు తెచ్చిస్తోందని ముఠా నాయకుడు కర్నల్ నమ్మకం. ఆమె కర్నల్ ముందు నాటకం ఆడుతోందని రఘుపతి నమ్మకం. ఈ వారం ఆ నమ్మకం సడలింది. నేతవాళ్ల నూలు పున్నమి పండుగ దాటినప్పటి నుంచి ఆమె దగ్గర్నుంచి ఒక్క మెయిల్ లేదు.

విషవాయువు డ్రమ్ములు నింపిన లారీ ఒకటి బట్టల మార్కెట్‌లోకి రాబోతోంది. అది ఎక్కడ దాగి ఉందో కనిపెట్టడం ఆమె పని. ఒంటిగంటకు కర్నల్ ఆమెను కారులో కిమ్ అనే ఊరికి తీసుకెళ్తాడు. కారు తిరిగొస్తుంది. ఆమె రాదు.

ఆమె ఫోన్ కర్నల్ దగ్గరే ఉంటుంది. ఆఫీసు కాల్స్ రికార్డవుతాయి. కొత్త అడ్రస్ నుంచి మెయిల్ వస్తే వాళ్ల మనుషులు ముందుగా తెరిచి చూస్తారు. రోజూ వచ్చే నూలు ఏజెన్సీ మెయిల్‌నే ఎవరూ పట్టించుకోరు. అతను కోడ్ వాక్యం టైప్ చేశాడు: 'జరీ రంగు మారింది, పాత ఆర్డర్ రద్దు.' నువ్వు దొరికిపోయావు, ఉన్నపళంగా బయటపడు అని దాని అర్థం.

పంపాడు. క్షణంలో తిరిగొచ్చింది. ఈ డొమైన్ తరఫున మెయిల్ పంపే హక్కు మీ అడ్రస్‌కు లేదని అవతలి సర్వర్ రాసింది.

మళ్లీ పంపాడు. మళ్లీ అదే.

లాగ్ తెరిచాడు. పండుగ నాటి నుంచి వెళ్లిన ప్రతి మెయిల్‌కూ అదే జవాబు. లోపలికి అసలు ఏదీ రాలేదు. సెలవులు కదా, నూలు వ్యాపారం మందగించిందనుకుని ఇన్ని రోజులూ లాగ్ చూడనే లేదు. వ్యాపారుల మౌనానికి అంత సులువుగా కారణం దొరికింది. సింధూజ మౌనానికి మాత్రం ద్రోహం అని పేరు పెట్టుకున్నాడు.

కిటికీ పరదా వేలెడు జరిపాడు. కింద చాయ్ బండి దగ్గర నల్ల బైక్ మీద ఒకడు. నిన్న కూడా వాడే. ఆమె నిజంగా అటు మారిపోయి ఉంటే ఈ గది ఎక్కడుందో కర్నల్‌కు తెలుసు. మెయిల్ వెళ్లినా అది ఆమెకు హెచ్చరిక కాదు, తనకు చావు కబురు.  పారిపోవాలన్న కోరిక కాళ్లలో మొదలై, కాళ్లలోనే ఆగిపోయింది.

చేతులకు పని చెబితే భయం కాస్త తగ్గుతుందని అతనికి తెలుసు. డొమైన్ రికార్డులు చూశాడు. ఎవరూ మార్చలేదు. డిస్క్ నిండలేదు. క్యూ నడుస్తోంది. ఇంటర్నెట్ బాగానే ఉంది. చివరికి బయటి సర్వర్ ఒకదాన్ని అడిగాడు: నేను నీకు ఏ అడ్రస్ నుంచి కనిపిస్తున్నాను?

వచ్చిన నంబర్ అతనిది కాదు.

 ఎవడో మధ్యలో దూరాడు. ప్రతి అక్షరం వాడి చేతి మీదుగా పోతోంది. బల్ల అడుగున ఎర్ర స్విచ్ ఉంది. నొక్కితే సర్వర్ డిస్కులు కాలిపోతాయి. ఇలాంటప్పుడు నొక్కమనే రూల్. వేలు దాని మీదికి వెళ్లింది. నొక్కితే తను బతుకుతాడు, సచిన్‌కు ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. వేలు వెనక్కి తీసుకుని సర్వర్ అల్మారా తెరిచాడు.

రౌటర్ నుదుట కుంకుమ బొట్టు. వైర్లకు పసుపు దారం.

ఆఫీసు ఊడ్చే సారక్క చీపురుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మొగుడు లస్మయ్య కింద మగ్గం నడుపుతాడు. ఈ డబ్బాను ఎవరు ముట్టుకున్నారని రఘుపతి అడిగాడు.

"నేనే బిడ్డా. నూలు పున్నమికి మగ్గాలన్ని బంద్ జేసి, తుడిచి, బొట్లు వెట్టి దారాలు గట్టినం. గిది సుత మిషినే గదా. దీనికొక్కదానికే పండుగ లేదా?"

"వైర్లు గుంజినవా?"

"గుంజకుంట ఎట్ల తుడుస్త? మల్ల వెట్టిన. లైట్లు గిట్ల మంచిగనే ఎలిగినయ్."

అతను టార్చ్ వేసి చూశాడు. అసలు లైన్ వైరు పక్కనున్న ఖాళీ రంధ్రంలో కూర్చుంది. అసలు లైన్ పోయిందనుకుని రౌటర్ బ్యాకప్ లైన్‌కు మారిపోయింది. నెట్ ఆగలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. బ్యాకప్ లైన్ అడ్రస్ లోకానికి తెలియదు. అక్కడి నుంచి పంపితే దొంగ మెయిలే. లోకం తడుతున్నది పాత అడ్రస్ తలుపును. అక్కడ పలికేవాడు లేడు. మధ్యలో ఏ శత్రువూ లేడు.

వైరు మార్చాడు. అడ్రస్ తనదైంది. మెయిల్ మళ్లీ వదిలాడు. ఈసారి అవతలి సర్వర్ తిరస్కరించలేదు. మీ డొమైన్ మీద అనుమానం ఉంది, కాసేపాగి ప్రయత్నించండి అంది.

కాసేపు. గడియారంలో ఒంటిగంటకు ఎంతో టైం లేదు.

ఆ ఎదురుచూపులోనే కంప్యూటర్ టింగ్‌మంది. సచిన్ సర్వర్ ఇన్ని రోజులుగా పట్టు వదలకుండా పంపుతూ వచ్చిన మెయిల్స్ ఒక్కొక్కటే లోపలికి వచ్చాయి. మూడూ సింధూజవే. మొదటిదాంట్లో నూలు బేళ్ల లెక్కలా రాసిన లారీ నంబర్, కిమ్‌లోని గోదాం పేరు. రెండోది, జవాబెందుకు లేదని. మూడోది నిన్నటిది. 'మీ శాంపిల్ కోసం మా మనిషి ఉన్ వచ్చాడు. నల్ల బండి. మీ స్టాక్ వెంటనే ఖాళీ చేయండి.'

రఘుపతి ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. తను ఆమెను అనుమానిస్తూ కూర్చున్న రోజుల్లో ఆమె తనను బతికించాలని చూసింది.  స్కానర్ లాంటి ఫోన్ అందుకుని లారీ నంబర్, గోదాం పేరు చీఫ్‌కు చెప్పాడు. ఉన్ వదిలి వచ్చెయ్యమన్నాడు చీఫ్. మెయిల్ ఇంకా వెళ్లలేదని చెప్పి రఘుపతి ఫోన్ పెట్టేశాడు.

కింద బైక్ ఖాళీగా ఉంది. మెట్ల మీద బూట్ల చప్పుడు.

మళ్లీ పంపాడు. కాసేపాగండి. వైర్ల మధ్య నేల మీద చతికిలబడి, కీబోర్డు ఒళ్లో పెట్టుకుని మళ్లీ పంపాడు. 

గుమ్మంలో నిలబడ్డవాడి కుడి చెయ్యి జేబులో ఉంది. "రఘుపతి కౌన్ హై?"

సారక్క తల ఎత్తకుండానే ఊడుస్తూ, బావమరిది పెళ్లికి ఊరెళ్లాడని చెప్పింది. "రఘుపతా? గాంవ్ గయా. సాలే కీ షాదీ హై."

"ఔర్ యే?"

"యే? వైర్‌వాలా. సుబే సే ఏక్ డబ్బా బనా రహా, బన్ నహీ రహా."

పొద్దుటి నుంచి చేస్తున్నా డబ్బా బాగుపడలేదని ఆమె అంటుంటే వాడు రఘుపతి వైపు చూశాడు. మందపు కళ్లద్దాలు, గూని, చెమట. భయంతో బిగుసుకున్న ఆ ముఖంలో వాడికి పని చేతగాని రిపేరువాడు కనిపించాడు. తిట్టుకుంటూ దిగిపోయాడు.

"ముక్కుమొకం తెల్వనోడొచ్చి పేరడిగితే చెప్తమా?" అంది సారక్క. "బతకొచ్చినోళ్లం."

స్క్రీన్ మీద ఒక వరుస కదిలింది. అందింది.

కర్నల్ కారు తలుపు తెరిచి పట్టుకున్నప్పుడు సింధూజ ఇంకా ఆఫీసు కంప్యూటర్ ముందే ఉందని, ఆ మెయిల్ అప్పుడే వచ్చిందని తర్వాత తెలిసింది. ఆర్డర్ రద్దయింది, ఒక్క నిమిషంలో వస్తానని చెప్పి సింధూజ వెనక గేటు నుంచి బయటపడి, మిల్లు ఆడవాళ్ల బస్సులో తలమీద చున్నీ కప్పుకుని కూర్చుంది. కిమ్‌లో లారీ ఇంజిన్ స్టార్టయిన క్షణంలో డిపార్ట్‌మెంట్ గోదాం చుట్టుముట్టింది. కర్నల్ దారిలో దొరికాడు, నల్ల బైకువాడు చాయ్ బండి దగ్గరే.

సాయంత్రం సింధూజ ఫోన్ చేసింది. "సచ్ చెప్పు రఘుపతీ. నేను అటుదిక్కు మారిన అనుకున్నవ్ గదా?"

"లైన్ ఖరాబైంది."

"నేను లైన్ గురించి అడుగుతలేను."

 ఆమె ఫోన్ పెట్టలేదు. "అనుకున్న," అన్నాడు చివరికి. ఆమె సన్నగా నవ్వి, ఈసారి లాగ్ చూసి అనుకొమ్మంది.

మర్నాడు చీఫ్ మండిపడ్డాడు. ఇంత పెద్ద ఆపరేషన్ అయ్యాక రిపోర్టు పంపడానికి ఏమైందని నిలదీశాడు. రఘుపతి లాగ్ వైపు చూశాడు. రిపోర్టు రాత్రే చేరింది.

"స్పామ్‌లో చూడండి, సార్."