కొండ కడుపులో అడవి

“ఆగు! ఇంకా ఆగు! ఇప్పుడు! ఎయ్యి తెడ్డు!”

కొర్లయ్య కేకకి దాసు పడవ ముందుకి దూకింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటాలు గుంపులుగా వస్తాయి. గుంపుకీ గుంపుకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత సందు దొరుకుతుంది. ఆ సందు పట్టుకున్నవాడు బయటపడతాడు. పట్టుకోలేనివాణ్ణి కెరటం దొర్లించి ఇసకలో కుక్కుతుంది. దాసు నీలం పడవ మొదటి నురగని చీల్చింది. వెనకే కొర్లయ్య పసుపు పడవ. ఎదురుగా ఆకుపచ్చటి గోడ ఒకటి లేచింది. రెండు పడవల ముక్కులూ ఆకాశంలోకి లేచి, ఆ గోడ తల మీంచి అవతలికి దబ్బున పడ్డాయి.

“ఓలమ్మో! పేగులు నోట్లోకొచ్చీసినాయి బావా!” అని దాసు పకపకా నవ్వాడు.

కొర్లయ్య నవ్వలేదు. కానీ ఉప్పునీళ్ళు కారుతున్న అతని మొహం విచ్చుకుంది. ఒడ్డు మీద ఎవరికీ కనపడని మొహం అది.

పర్యాటకులు ఆ పడవల్ని కయాకులంటారు. నడుము దాకా లోపలికి దూరి, కాళ్ళు బారచాపుకుని కూర్చోవాలి. ఇంజను లేదు, తెరచాప లేదు. రెండు చివర్లా ఆకులున్న తెడ్డు ఒక్కటే ఆధారం. వెనక సామాను పెట్టుకోవడానికి మూత ఉన్న చిన్న అర. అందులో రెండో మనిషికి చోటు లేదు. కొర్లయ్యకి ఆ పడవ నచ్చడానికి కారణం కూడా అదే. కొత్తమొగ ఊళ్ళో ఏ పడవ వాడూ అతన్ని వేటకి రమ్మని పిలవలేదు. ఒంటరి మనిషికి ఒంటి పడవ కుదిరింది.

మొగ దాటాక సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. దూరం నుంచి వచ్చే పెద్ద పొంగులు పడవని మెల్లగా ఎత్తి, మెల్లగా దించుతున్నాయి. తర్వాత పక్కగాలి లేచింది. కొర్లయ్య నడుము ఒకవైపుకి వంచి పడవని ఏటవాలుగా పెట్టాడు. అది చెప్పినమాట విన్నది. మనుషులు వినరు గానీ పడవ వింటుంది. గాలి వెనక్కి మళ్ళగానే కెరటం వీపెక్కి ఇద్దరూ బాణాల్లా జారారు. తెడ్డు వెయ్యకుండానే పడవలు ఉరికాయి. దాసు ఈల వేశాడు. కొర్లయ్య మాత్రం కళ్ళు సగం మూసి, పడవ అడుగున నీళ్ళు చేసే గలగల వింటూ పోయాడు.

ఎద్దుమూపు కొండ అవతల పర్యాటకులకి పనికొచ్చే దారి ఉందేమో చూసి రమ్మని పడవల క్లబ్బు యజమాని పంపాడు. ఆ కొండ దాటి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదని నియమం. అంత దూరం తెడ్డు వెయ్యగలిగిన వాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరే. అందుకని దాసు తప్పలేదు. లేకపోతే గనగళ్ళ నర్సింగులు కొడుకైన దాసుతో కొర్లయ్య ఏ నీళ్ళలోకీ దిగేవాడు కాదు.

“ఏం బావా, దారి కోసమేనా? మీ నాయిన అడివి కోసమా?”

“తెడ్డెయ్యి.”

“ఏసుకుంటన్నాను గదేటి. అడివి దొరికితే నాకో కుందేలు పట్టుకురా.”

కొర్లయ్య తండ్రి తవిటయ్య తెప్ప మీద ఒంటరిగా వేటాడేవాడు. ఒకసారి తెప్పని నీటి లాగుడు ఎద్దుమూపు వైపు ఈడ్చుకుపోయింది. చచ్చాడనుకున్న మనిషి సాయంత్రానికి తిరిగొచ్చాడు. చేతిలో ఒక జత వెండి గజ్జెలు. “కొండ కడుపులో అడివి ఉంది. అక్కడ పెట్టె నిండా ఇవే” అన్నాడు. ఆ వారమే గంగమ్మ గుళ్ళో అమ్మవారి గజ్జెలు మాయమయ్యాయి. ఇంకేముంది, ఊరికి దొంగ దొరికాడు. ఊరిపెద్ద నర్సింగులు తెడ్డు తిరగేసి తవిటయ్య రెండు మోకాళ్ళూ విరగ్గొట్టించాడు. ఆ గజ్జెలు అమ్మవారి కాళ్ళకి కట్టారు. ఇవాళ్టికీ అక్కడే ఉన్నాయి.

న్యాయంగా ఉండాలని ఒకనాడు పెద్దలే తవిటయ్యని పడవెక్కించి తీసుకెళ్ళారు, చూపించమని. కట్లు కట్టిన కాళ్ళతో పడవ అడుగున కూర్చుని అతను గురుతులు చెప్పాడు. “పీతరాయి జంటతాళ్ళని మింగీసిన కాడ ఆగండి. వెనక్కి తిరగండి. ఎర్రగోడ నోరు తెరుస్తాది.” ఆగారు. తిరిగారు. గోడ నోరు తెరవలేదు. పడవంతా నవ్వింది. ఆ నవ్వు తర్వాత తవిటయ్య చాలా ఏళ్ళు బతికాడు గానీ, బతికాడనడం కూడా ఎక్కువే. ఆఖరికి తన కళ్ళ మీద తనకే నమ్మకం పోయింది. “కల గన్నానేటిరా?” అని కొడుకుని అడుగుతూ పోయాడు.

దానికి జవాబు తేవాలని కొర్లయ్య చాలాసార్లు దొంగతనంగా ఇటు వచ్చాడు. ప్రతిసారీ ఆ గోడ గోడలాగే ఉంది.

ఎద్దుమూపు వచ్చింది. ఎర్రటి రాతి కొండ నిలువునా సముద్రంలోకి దిగి ఉంది. దానికి కాస్త దూరంలో, మనిషికంటే కొంచెం ఎత్తుగా, నల్లగా పీతరాయి. ఆ రాయి వెనక ఎక్కడో దూరాన ఒక గుట్ట, గుట్ట మీద రెండు తాటిచెట్లు, అవే జంటతాళ్ళు. కొండని కొట్టిన కెరటం వెనక్కి మళ్ళి, వచ్చే కెరటంతో ఢీకొని, రాయి చుట్టూ నీళ్ళు ఉడుకుతున్నట్టు ఎగురుతున్నాయి. చేపలవాళ్ళు కూడా ఆ ఛాయలకి పోరు. కొర్లయ్య రాయి వైపు మెల్లగా తెడ్డు వేశాడు. తాళ్ళు కిందికి జారుతూ జారుతూ రాయి వెనక మునిగాయి. ఆగాడు. వెనక్కి తిరిగాడు.

గోడ. ఎప్పటి గోడే.

“అయిపోయిందా మొక్కు?” అన్నాడు దాసు. “అయితే నీ పడవ ఇలా ఆనించు. నాను నిలబడాల.”

“ఎందుకూ?”

“పొద్దుటేల తాగిన టీ నీళ్ళు ఏటి సెయ్యాల? కూకుని పోసుకోనా?”

కయాకులో నిలబడ్డవాడు మరుక్షణం నీళ్ళలో ఉంటాడు. పక్కన ఇంకో పడవ ఆనించి, అందులోవాడు అంచు గట్టిగా పట్టుకుంటేనే నిలబడగలడు. కొర్లయ్య చిరాగ్గా పడవ ఆనించి రెండు చేతుల్తో దాసు పడవ అంచు అదిమిపట్టాడు. దాసు అతని భుజం మీద చెయ్యేసి లేచాడు. పని కానిస్తూ తీరిగ్గా అటూ ఇటూ చూశాడు.

“మునిగిపోయాయని ఆగీసినావు గానీ, తాళ్ళు సుబ్బరంగా అగుపిస్తన్నాయి గదా.”

“ఏ తాళ్ళు?”

“నీ కళ్ళకేటయింది? అవిగో. రాయి మీంచి తలకాయిలు బయటెట్టి సూస్తన్నాయి.”

కొర్లయ్య చూశాడు. రాయి తప్ప ఏమీ లేదు. తలెత్తి, నిలబడ్డ దాసు మొహంలోకి చూశాడు. మళ్ళీ రాయిని చూశాడు. 

తవిటయ్య తెప్ప మీద నిలబడి చూశాడు! నిలబడ్డవాడి కంటికి తాళ్ళు మునగాలంటే రాయికి ఇంకా దగ్గరగా, ఆ ఉడికే నీళ్ళలోకి పోవాలి. మోకాళ్ళు పోయాక ఇక నిలబడింది లేదు. పడవ అడుగున కూర్చోబెట్టి చూపించమన్నారు. కూర్చున్న కంటికి తాళ్ళు తొందరగా మునిగిపోయాయి. కొడుకు కూడా ఇన్నేళ్ళూ కూర్చునే వెతికాడు.

“దాసూ,” అన్నాడు. “నాను నిలబడాల. నువ్వు పట్టుకో.”

జీవితంలో అతను ఇంకొకణ్ణి అడిగిన మొదటి సాయం అదేనేమో.

దాసు ఆ నీళ్ళ వంక చూశాడు. “ఆ కుంపట్లోనా? పిచ్చెక్కిందేటి?” అన్నాడు. కానీ కొర్లయ్య మొహం చూశాక ఇంకేమీ అనకుండా తెడ్డు అందుకున్నాడు.

కెరటాలు నాలుగు వైపుల నుంచీ గుద్దాయి. పడవలు ఒకదాన్నొకటి టకటకా కొట్టుకున్నాయి. “పట్టుకున్నాను! లెగు! బేగి!” అని దాసు అరిచాడు. కొర్లయ్య లేచాడు. దాసు ఒక చేత్తో అంచు అదిమి, రెండో చేత్తో తెడ్డు వేశాడు. తాళ్ళు కనిపిస్తున్నాయి. “ఇంకాస్త! ఎడం తెడ్డు!” కనిపిస్తున్నాయి. “ఇంకాస్త!” మునిగాయి. తల తిప్పాడు.

ఎర్రగోడ రెండుగా విడిపోయింది. ఒక గోడ వెనక ఇంకో గోడ. వాటి మధ్య పక్కగా తెరుచుకున్న నల్లటి చీలిక.

“నాయినా!” అని పెద్ద కేక పెట్టాడు కొర్లయ్య.

చీలిక లోపల వెలుగు చచ్చిపోయింది. నీరు పొంగినప్పుడల్లా రాతి కప్పు నెత్తి మీదికి వచ్చేది. తల పడవ మీదికి వంచి, తెడ్డుతో గోడని నెట్టుకుంటూ పోయారు. గబ్బిలాలు చెవుల పక్కనుంచి సర్రున ఎగిరాయి. సముద్రం ఆ గొంతులో పెద్ద మృగంలా గురక పెట్టింది. “బావా, ఉన్నావా?” అని దాసు మాటిమాటికీ అడిగాడు. వాడి నవ్వు ఎక్కడో బయటే ఉండిపోయింది.

సొరంగం మలుపు తిరిగింది. ఆకుపచ్చటి వెలుగు మొహాన కొట్టింది.

కొండ పైకప్పు ఎప్పుడో కూలిపోయి, లోపల పెద్ద గుంట ఏర్పడింది. గుంట నిండా చెట్లు. మేడి చెట్లు గోడలకి వేళ్ళు దిగేసి వెలుగు కోసం నిక్కి చూస్తున్నాయి. ఊడలంత లావు తీగలు వేలాడుతున్నాయి. మొగలి పొదల మధ్య సన్నటి నీటి ఊట. పావురాలు బెదిరి ఒక్కసారి లేచి, ఆకాశం ముక్కలో సుడి తిరిగాయి. మనిషి అడుగు లేదు, మాట లేదు. కొర్లయ్య పడవ దిగి మోకాళ్ళ లోతు నీళ్ళలో అలాగే నిలబడిపోయాడు. చూపించాల్సిన మనిషి మట్టిలో ఉన్నాడు.

“బావా! ఇటు రా! ఓరి నాయినో!”

రాతి అరుగు మీద చివికిన పెట్టె ఉంది. ఏ కాలపు ఓడదో, ఏ తుఫానులో ఎవరు ఇక్కడ దాచి మళ్ళీ రాలేకపోయారో! దాసు మూత లాగగానే చెక్క పొడిపొడి అయింది. లోపల నల్లబడ్డ వెండి గజ్జెలు గుట్టగా ఉన్నాయి. దాసు ఒక జత తీసి ఇసకతో తోమాడు. అంచున చేపపిల్ల ఆకారం మెరిసింది. వాడి చెయ్యి ఆగిపోయింది.

“ఇవి... అమ్మోరి కాళ్ళకున్నయ్యే.”

ప్రతి పండక్కీ ఆ గజ్జెలకి నూనె రాసి మెరిపించేది దాసు ఇంటివాళ్ళే. తవిటయ్య తెచ్చిన జత ఈ పెట్టెలోదే.

కానీ కొర్లయ్య చూపు పెట్టె మీద లేదు. పక్కనే రాతి సందులో సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నె ఒకటి బోర్లా పడి ఉంది. తీశాడు. అంచు కింద చుక్కలతో కొట్టించిన అక్షరాలు. మై. తవిటయ్య. వేటకి అంబలి పట్టుకెళ్ళే గిన్నె. వెండి దొరికిన సంబరంలో మర్చిపోయాడు. “గిన్నె ఏ గంగలో కలిపావ్?” అని అమ్మ చచ్చేదాకా సాధించింది. మోకాళ్ళ సంగతి మర్చిపోయిన రోజు కూడా గిన్నె సంగతి మర్చిపోలేదు. కొర్లయ్య గిన్నెని గుండెకి ఆనించుకుని, ఏడుపూ నవ్వూ కాని చప్పుడొకటి చేశాడు.

దాసు అప్పటికే పడవ అరలో గజ్జెలు కుక్కుతున్నాడు. “నువ్వూ ఒకటి పట్టుకో బావా. సూపిస్తే మీ నాయిన పేరు నిలబడతాది.”

“ఒకటి తెచ్చినందుకే మా నాయిన కాళ్ళు పోయాయి. వెండి సూపిస్తే ఊరు వెండిని నమ్ముతాది. మా నాయినని కాదు. ఆ మర్నాడు ఇక్కడ సెట్టు ఒక్కటి మిగల్దు. ఒగ్గీ. పోటు లెగుస్తంది.”

“నువ్వు ఒగ్గీ. నాను ఒగ్గను.”

సొరంగంలో నీరు అప్పుడే పెరిగింది. కొర్లయ్య ముందు, దాసు వెనక. వెండి బరువుకి నీలం పడవ వెనకభాగం నీళ్ళలోకి కుంగి, తెడ్డు మాట వినడం మానేసింది. చీలిక నోటి దగ్గర పెద్ద పొంగు ఒకటి లోపలికి చొరబడింది. దాసు పడవ అడ్డం తిరిగి, గోడకి గుద్దుకుని బోర్లా పడింది.

“దాసూ!”

నురగలోంచి తల లేచింది. వాడు పడవని వదలకుండా వాటేసుకుని ఉన్నాడు. అరలోకి నీళ్ళు దూరుతున్నాయి. పడవ వాణ్ణి కూడా లాక్కుపోతోంది.

“మూత తియ్! పారబొయ్!”

“వెండి బావా!”

“సచ్చిపోతావురా ఎదవా! మూత తియ్!”

ఆ క్షణంలో కొర్లయ్య ముందు తెరుచుకున్న సముద్రం ఉంది. నాలుగు తెడ్లు వేస్తే బయటపడతాడు. నర్సింగులు కొడుకు లోపలే ఉండిపోతాడు. అడిగేవాడు లేడు. కొర్లయ్య పడవ వెనక్కి తిప్పాడు. పొంగుకి ఎదురెళ్ళి, నీలం పడవ తోక దొరకబుచ్చుకుని, తనే మూత పీకాడు. గజ్జెలు ఘల్లుమంటూ నీళ్ళలోకి జారాయి. ఎవరో ఆడుతూ లోతుల్లోకి దిగిపోయినట్టు, ఆ చప్పుడు కాసేపు కిందినుంచి వినిపించి ఆగిపోయింది. తేలికపడ్డ పడవని తన పడవ మీదికి అడ్డంగా లాగి, నీళ్ళు ఒంపి, తిరగేశాడు.

“ఎక్కు! నాను పట్టుకున్నాను. ఎక్కు!”

దాసు బొక్కబోర్లా పాకి ఎక్కాడు. మళ్ళీ కెరటం వచ్చేలోగా రెండు పడవలూ చీలికలోంచి వెలుగులోకి దూసుకొచ్చాయి.

గాలి పడిపోయింది. నున్నటి నీళ్ళ మీద రెండు పడవలు, వాటి మధ్య పిలిస్తే వినపడేంత దూరం. ఎవరూ పిలవలేదు.

ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలెత్తారు. చేపల బుట్ట పక్కన కూర్చున్న పైడమ్మ ఎప్పట్లాగే కేకేసింది. “ఏరా గజ్జెలోడి కొడకా! కొండ కడుపులో అడివి అగుపించిందేటి?”

ఎప్పుడూ అందరికంటే ముందు నవ్వేది దాసే. ఈసారి వాడు పడవ ఇసక మీదికి లాగి, నడుము నిటారుగా పెట్టాడు.

“అగుపించింది అప్పా. మేడి సెట్లున్నాయి. పావురాలున్నాయి. నాను సూసినాను. తవిటయ్య మావ అబద్ధమాడ్నేదు.”

ఒడ్డంతా నవ్వు కెరటంలా లేచింది. “దాసుగాడికి గాలి సోకిందర్రో!” “కుందేళ్ళు నేవేటిరా?” “గజ్జెలోడి కొడుకులు ఇద్దరయ్యారొలే!” ముసలివాళ్ళు దగ్గులొచ్చేదాకా నవ్వారు. దాసు మొహం కందిపోయింది. ఆ మంట మొదటి రోజు ఎలా ఉంటుందో ఆ ఒడ్డు మీద తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

నవ్వే ఊరు వెతకదు. ఆ అడవికి అంతకు మించిన కాపలా లేదు.

కొర్లయ్య బోరింగు దగ్గరికి నడిచి, సొట్టల గిన్నెని ఇసకతో తోమి, నిండా నీళ్ళు పట్టి తెచ్చాడు.

“తాగు.”

దాసు గిన్నె అందుకున్నాడు. అంచు కింది చుక్కల మీద వాడి బొటనవేలు ఒకసారి ఆగింది. ఎత్తి గటగటా తాగాడు. వెనక నవ్వులు ఇంకా ఆగలేదు.