ఫిల్టర్ మార్చని బండి

చీఫ్ కూర్చోమని అనకుండానే విషయంలోకి దిగాడంటే సరుకు త్వరగా పాడయ్యే రకమన్నమాట. ఏజెంట్ నిలబడే విన్నాడు.

“మధ్యాహ్నం సప్లై కాన్వాయ్ ఎడారిలోకి కదులుతుంది. ముందున్న బెటాలియన్‌కి నీళ్లు, డీజిల్, గుండ్లు అన్నీ అందులోనే. అది ఆగిపోతే అక్కడున్నవాళ్లు లేనట్టే.”

“విదేశీ ముఠా ఏం చేస్తోంది?”

“వాటర్ ట్యాంకర్లలో విషం కలిపిందట. మన మేడమ్ పంపిన కబురు.”

మేడమ్ అంటే డిపోకి ఇంజన్ సామాను సప్లై చేసే కాంట్రాక్టర్. ఖరీదైన సెంటు, నల్లకళ్లద్దాలు. ఆ ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే మనిషి. ఏజెంట్‌తో ఆమెకి కొన్నాళ్లు నడిచింది కూడా. ఎందుకు ఆగిందో ఇద్దరూ లెక్క చూసుకోలేదు.

“టార్పాలిన్ల షావుకారు వేషంలో వెళ్లు. గుండీలో కెమెరా, పెన్నులో బ్లేడు, వాచీలో రేడియో. కాన్వాయ్ ఆపాల్సి వస్తే కోడ్, ‘షట్టర్ దించండి’.”

“మా తమ్ముడు ఆ కాన్వాయ్‌లో డ్రైవర్.”

“తెలుసు. అందుకే నిన్ను పంపకూడదనుకున్నాను. వేరే మనిషి లేడు.”

ఏజెంట్‌కి భయం వేయాలి. వేయలేదు. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ముందు ఖర్చయిపోయేది అదే.

డిపోలో అందరూ ట్యాంకర్ల చుట్టూనే ఉన్నారు. నీళ్లు పారబోస్తున్నారు, కడుగుతున్నారు, మళ్లీ నింపుతున్నారు. ల్యాబ్ మనిషి సీసా తర్వాత సీసా పరీక్షించి తల అడ్డంగా ఊపుతున్నాడు. విషం జాడే లేదు. మరో పక్క మేడమ్ మెకానిక్కులు బండ్లకి కొత్త ఎయిర్ ఫిల్టర్లు బిగిస్తున్నారు. ఇసుక ఇంజన్‌లోకి పోకుండా ఆపేవి అవే. వాళ్ల వైపు చూసేవాడు లేడు.

తమ్ముడు తన బండికి ఆనుకుని నిలబడ్డాడు.

“ఏంటన్నయ్యా, యుద్ధంలో కూడా గుడ్డలమ్ముకోవడమేనా?”

“ఎండ మీకు మాత్రం కొట్టదా? కొత్త ఫిల్టర్ బిగించారా?”

“నాకు పాతదే. ఈ బండిని ముట్టుకోవద్దని మేడమ్ గారు చెప్పారట. నచ్చానేమో.”

“అద్దంలో చూసుకున్నావా?”

“చూసుకునే చెప్తున్నా.”

ఏజెంట్ వరస పొడుగునా చూశాడు. అన్ని బండ్లకీ కొత్త సరుకు, ఒక్కదానికి వద్దు. నిజంగా మంచి సరుకైతే అయినవాళ్లకి ముందు ఇస్తారు. అయినవాళ్లకి వద్దన్నారంటే దాని నాణ్యం ఎంతో తెలిసే అన్నారు.

చివరి బండి వెనక్కి వెళ్లి, కొత్త ఫిల్టర్ ఊడదీసి, పెన్ను బ్లేడుతో లోపలి పొర ఒక ముక్క కోశాడు. దాని మీద గుప్పెడు ఇసుక పోసి ఊదాడు. ఇవతల పోసిన ఇసుక అవతల అరచేతిలో పడింది. ఎడారి మధ్యకి చేరేసరికి ఇంజన్లన్నీ పట్టేసి ఆగిపోతాయి. ఒక్కటి తప్ప.

విజిల్ మోగింది. ఇంజన్లు ఒకేసారి స్టార్టయ్యాయి. మొదటి బండి గేటు మీదికి వచ్చేసింది. ఏజెంట్ వాచీని నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“షట్టర్ దించండి.”

గేటు కడ్డీ ఆ బండి బానెట్‌కి బెత్తెడు దూరంలో వాలింది.

గేటు పక్కన మేడమ్ కారు ఆగి ఉంది. ఏజెంట్ అవతలి తలుపు తీసి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోతుంటే పట్టుకున్నాడు.

“తుపాకీయా?”

“లిప్‌స్టిక్ అయితే బావుండేది,” అంటూ ఆమె దాన్ని వదిలేసింది.

“ట్యాంకర్ల కబురు మమ్మల్ని అటు తిప్పడానికి. మరి వాడి బండిని ఎందుకు వదిలేశావు?”

“కూర్చుంటే వాడి మాట, లేస్తే వాడి మాట. నా బుర్ర తినేశావుగా. వాడొక్కడైనా తిరిగొస్తాడులే అనుకున్నాను.”

“తక్కినవాళ్లకీ అన్నలుంటారు.”

“ఉంటారు. వాళ్లెవరూ నా పక్కన కూర్చుని చెప్పలేదు.”

ఆమె చేసిన బేరాల్లో నష్టానికి చేసింది అదొక్కటే. ఏజెంట్ బేడీలు వేశాడు.

“థాంక్స్,” అన్నాడు.

ఆ మాట వేరే ఎవరో అన్నట్టు వినిపించింది.

చెత్తలో పారేసిన పాత ఫిల్టర్లు ఏరి, దులిపి, మళ్లీ బిగించేసరికి పొద్దు వాలింది. పని లేనివాడు తమ్ముడొక్కడే. స్టీరింగ్ ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

“ఆ కొత్త ఫిల్టర్లన్నీ నాసిరకమట అన్నయ్యా. మేడమ్ గారిని జీపెక్కించి తీసుకుపోయారు. మరి నా బండినెందుకు వదిలేసిందంటావ్?”

ఏజెంట్ బండి మీది టార్పాలిన్ తాడు ఒకసారి లాగి చూశాడు. బిగువుగానే ఉంది.

“చెప్పావుగా,” అన్నాడు. “నచ్చావు.”