చుక్క కారని ఐసు లారీ

"ఇరవై రెండు మంది. మధ్యాహ్నం మూడుకి ఓడ ఎక్కిస్తారు. ఎక్కితే మళ్ళీ దొరకరు."

చెన్నై షోళింగనల్లూరు ఆఫీసులో చీఫ్ గురుప్రసాద్ బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ ఏకాంబరానికి మిగతాది తెలుసు. ఉద్యోగాలని పిలిచి, పాస్‌పోర్టులు లాక్కుని, సముద్రం అవతల కంచె వెనక ఆన్‌లైన్ మోసాలు చేయించే విదేశీ ముఠా అది. ఎదురు తిరిగితే కరెంటు షాక్. కిందటి వారం జెబ అనే నర్సు వాళ్ళ గోడౌన్ నుంచి తప్పించుకుని ఏకాంబరానికి ఫోన్ చేసింది. అతను చేరేలోగా ముఠా చేరింది.

రాయపురం హార్బర్. చేపలవాడి వేషంలో ఏకాంబరం: లుంగీ, తలపాగా, నెత్తిన గంప, చెవిలో ఇయర్‌పీస్. అందులో, ముఠాలో ఉంటూ ఆఫీసుకి కబుర్లందించే డబుల్ ఏజెంట్ శరణ్య గొంతు, ఆమె కట్టే పట్టుచీరంత మెత్తగా. "పన్నెండుకి చేపల వేలం. ఆ రద్దీలో వాళ్ళని బోటెక్కిస్తారు. అక్కడే ఉండండి."

రద్దీ లేదు. బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. ఎండుచేపలమ్మే అమ్మాసి అతన్ని చూసి పకపకా నవ్వింది.

"ఏంది నాయినా, గంపెత్తుకోని వచ్చినావు? చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెల్లు వేట బందు గదా. ఈడ వేలమని ఏ ఎర్రిమొగం చెప్పింది?"

"అసలు లేదా అక్కా?"

"చేపే లేదంటే వేలం యాడిది? ఇందాక ఒక ఐసు లారీ మాత్రం పోయింది, ఎన్నూరు తట్టు. ఐసంట. ఎనక చుక్క నీళ్ళు కారలా."

ముఠాకి డబ్బుంది, ఓడలున్నాయి. ఈ తీరంలో ఎప్పుడు చేపలుండవో తెలియదు. తన ఆఫీసుకీ తెలియదు. ఏకాంబరం ఇయర్‌పీస్ పీకి, బైకెక్కి, ఫోన్ తీశాడు.

"సార్, ఫోర్సుని ఎన్నూరు పంపండి. శరణ్య వాళ్ళ మనిషి."

"ప్రూఫ్?"

"చేపల్లేవు సార్."

ఎన్నూరులో జెట్టీలన్నీ వెతగ్గా వెతగ్గా, చివరికి ఒక ప్రైవేటు జెట్టీ. రెండూ యాభై ఎనిమిది. లారీ మీది పెట్టె క్రేన్ కొక్కేనికి వేలాడుతోంది. ఏకాంబరం ఆపరేటర్ పక్కటెముకలకి పిస్టల్ ఆనించాడు.

"దించు."

తలుపు తీస్తే మంచు కాదు, ఉడుకు ఆవిరి కొట్టింది. ఒకరినొకరు పట్టుకుని దిగారు. చివర జెబ. ఆమె నవ్వలేదు.

"ఈసారికి వచ్చినావే అన్నా."



ఫోర్సు వచ్చింది, వెంట పోలీసు వ్యాను. ఎవరూ ఎక్కలేదు. జెబ వ్యాను తలుపు తడిమి చూసింది.

"గడియ బయటుండాదే. మేం నడస్తాం."

థర్మల్ ప్లాంటు బూడిద రేగే రోడ్డు మీద ఇరవై రెండు మంది నడిచారు. లారీలు హారన్లు కొట్టాయి. ఒక్కరూ పక్కకి తప్పుకోలేదు.

వ్యాను మాత్రం ఖాళీగా పోలేదు. జెట్టీ దగ్గర ఏసీ కారులో కూర్చున్న శరణ్యను అందులో ఎక్కించి, ఏకాంబరం బయటి గడియ సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు.