అరవై రెండో బిళ్ళ

ఆ దీవికి మంచి పేరు లేదు.

భూమికి ఉత్తరపు కొసన, మ్యాపు మీద పెన్సిల్ ములికి ఆనిస్తే దాని కింద కనపడకుండా పోయేంత దీవి. చెట్టు లేదు, చేమ లేదు. నల్లరాళ్ళు, మంచు, ఒడ్డుకు నూరడుగుల దూరంలో ఒక చెక్క గుడిసె. ఎప్పుడో వేటకి వచ్చిన ఇద్దరు మనుషులు కట్టుకున్నది. చలికాలం గడిచి పడవ వచ్చేసరికి ఒకడే మిగిలాడట. రెండోవాడేడీ అని అడిగితే — "లోపలే ఉన్నాడు" అన్నాడట.

లోపల చూస్తే... ఎవరూ లేరు.

అప్పట్నుంచీ ఆ గుడిసె తలుపు మాట వినదని చెప్పుకుంటారు. బయట గొళ్ళెం పెట్టి వచ్చినా, ఓడెక్కి వెనక్కి చూసేసరికి బార్లా తెరిచి ఉంటుంది. గుమ్మంలో ఎవరో నిలబడి ఉంటారు. చూసినా చూడనట్టే తల తిప్పేసుకోవాలి. చెయ్యి ఊపితే మాత్రం అస్సలు చూడకూడదు. ఊపాడంటే... రమ్మంటున్నట్టే.

ఇదంతా నేను చూసి చెప్పేది కాదు. సుద్దముక్కల మధ్య బతికినవాణ్ణి, సముద్రమే రెండుసార్లు చూశాను. నాకు చెప్పింది గంట.

గంట నా దగ్గర చదువుకున్న పిల్ల. బళ్ళో గంట కొట్టే పని నాకే కావాలని పోట్లాడి తీసుకుంది. నిమిషం అటూ ఇటూ కాకుండా కొట్టేది. ఆ పేరే ఉండిపోయింది. ఇప్పుడు ముప్పై ఆరేళ్ళు. ఉన్నవాళ్ళని మంచుదీవుల్లో తిప్పి చూపించే పెద్ద ఓడలో ఉద్యోగం. మొన్న సెలవుకి వచ్చి, నేను పేపర్లు దిద్దుకుంటుంటే ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. మా ఓడలో జరిగిన దెయ్యం కథ వింటారా అంది.

"అది ఓడ కాదు మాస్టారూ, నీళ్ళ మీద తేలే హోటల్" అంది. "బయట మంచుగడ్డలు కొట్టుకుపోతుంటే, డెక్కు మీద వేణ్ణీళ్ళ తొట్టిలో కూర్చుని చూస్తుంటారు."

"దెయ్యం కథంటివి. మరి చీకటేదే?"

"అదే కదా. వేసవిలో అక్కడ పొద్దు కుంకదు. అర్ధరాత్రి కూడా ఎండే. అందుకే కిటికీలకి మందపాటి తెరలు. అవి వేస్తేనే జనానికి నిద్ర."

ఆ తెరల సంగతి గుర్తుంచుకోండి.

గంట పని ఏమిటంటే — ఓడ దిగే తలుపు పక్కన ఒక బోర్డు. దాని మీద వరసగా మేకులు, మేకుకో బిళ్ళ, బిళ్ళకో నంబరు. ఒకవైపు తెలుపు, రెండోవైపు ఎరుపు. రబ్బరు పడవెక్కి దీవికి వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళని ఎరుపుకి తిప్పి వెళ్ళాలి, వచ్చాక తెలుపుకి తిప్పాలి. బోర్డంతా తెల్లగా ఉంటేనే లంగరు లేస్తుంది. ఒక్క ఎరుపు కనిపించినా, ఎవరో అక్కడే మిగిలిపోయారని లెక్క. ఆ బోర్డుకి కాపలా గంట.

"మమ్మల్ని బయటికి తీసుకెళ్తే మీరు తలలు లెక్కపెట్టేవారు చూడండి... అదే నా ఉద్యోగం" అంది.

ఈ వేసవిలో ఒక తెలుగు ముసలావిడ వచ్చింది ఆ ఓడకి. ఇద్దరికి తీసుకున్న గదిలో ఒక్కతే.

ఆవిడ భర్త నలభై ఏళ్ళు ఐస్ ఫ్యాక్టరీలో మిషన్ చూసుకున్న మనిషి. "ఇన్నాళ్ళూ నేను చేసిన మంచే చూశాను. ఎవరూ చెయ్యని మంచు ఒక్కసారి చూడాలే" అనేవాడట. "ఫ్రిజ్ తలుపు తీసి చూడండి, ఇంట్లోనే ఉందిగా" అని ఎగతాళి చేసేదట ఈవిడ. ఎగతాళి చేసి చేసి, చివరికి ఒప్పుకుంది. దాచుకున్నదంతా పెట్టి టిక్కెట్లు కొన్నారు. ప్రయాణం ఏడు వారాలుందనగా... ఆయన నిద్రలోనే పోయాడు.

ఆవిడ ప్రయాణం మానుకోలేదు.

బోర్డు మీద ఆవిడ బిళ్ళ అరవై ఒకటి. ఆయనది అరవై రెండు. రాని మనిషి బిళ్ళ తీసెయ్యమని మేనేజరు చెప్పాడు. గంట దాన్ని మేకు మీంచి తీస్తుంటే, వెనకనించి ఒక చల్లటి చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంది.

"తీసెయ్యకమ్మాయ్" అంది ముసలావిడ మెల్లగా. "చూడ్డానికి వచ్చింది ఆయన. నేను తోడొచ్చానంతే."

గంట తియ్యలేదు. తీసేశానని మేనేజరుతో చెప్పింది.

దీవి దిగినప్పుడల్లా ఆవిడ రెండు బిళ్ళలూ ఎరుపుకి తిప్పేది. తిరిగొచ్చాక రెండూ తెలుపుకి తిప్పేది. ఒక్కసారి మర్చిపోలేదు. రోజూ రాత్రి పన్నెండు గంటలకి గదికి రెండు కప్పుల టీ తెప్పించుకునేది.

"ఆయన కప్పులో చక్కెర వెయ్యకమ్మాయ్, షుగరుంది. అడుగుతారు, వినకు."

"అలాగే అమ్మగారూ. గట్టిగా అడిగితే?"

"నా పేరు చెప్పు. జడుసుకుంటారు."

ఇద్దరూ నవ్వుకునేవారు. గదిలో అలమరా తలుపు తీసి ఉండేది. ఒక మేకుకి ఓడవాళ్ళు అందరికీ ఇచ్చే ఎర్ర జాకెట్, ఆవిడది. పక్క మేకుకి ఆయన ఫ్యాక్టరీలో కోల్డ్ రూముకి వేసుకెళ్ళే దూది కోటు. రెండూ భుజాలు ఆనించుకుని వేలాడేవి.

గుడిసె దీవి దగ్గరికి చేరే ముందురోజు ఆవిడ అడిగింది. "రేపు దెయ్యం దీవికట కదా?"

"ఎవరు చెప్పారమ్మగారూ? దిగకపోతేనే మంచిది."

"మా ఆయనకి దెయ్యాలంటే సరదా. రేపు ఆయన్ని ఒక్కరినే పంపిస్తానులే. నాకు మోకాళ్ళు లేవడం లేదు. నేను గదిలో పడుకుంటా."

మర్నాడు రాత్రి తొమ్మిదింటికి పడవలు దింపారు. సూర్యుడు నీళ్ళ మీద జానెడు ఎత్తున అలాగే వేలాడుతున్నాడు. తలుపు దగ్గర తోపులాట. ఒకాయన బూట్లు బిగుతని గోల. గంట వేరే జత కోసం కిందికి పరిగెత్తి, వచ్చేసరికి చివరి పడవ కూడా కదిలిపోయింది.

బోర్డు చూసింది. అరవై ఒకటి తెలుపు. అరవై రెండు... ఎరుపు.

అన్నట్టే ఆయన్ని ఒక్కరినే పంపించింది.

పదకొండింటికి పడవలు తిరిగొచ్చాయి. అందరికంటే చివర వచ్చింది తుపాకీ అన్న. మంచు ఎలుగుబంట్లు వస్తే అడ్డంగా నిలబడేది అతనే. ఎలుగుబంటికి భయపడని ఆ మనిషి, ఆ గుడిసె దగ్గర మాత్రం చంటిపిల్లాడు. లోపల ఎవరైనా ఉన్నారేమో చూసి, తలుపు వేసి రావడం అతని వంతు. ప్రతిసారీ మొహం పక్కకి తిప్పుకుని, తలుపు లాగి, గొళ్ళెంలో చెక్క మేకు దూర్చి ఒకటే పరుగు.

"అందరూ వచ్చినట్టేనా?" అన్నాడు ఆయాసపడుతూ.

గంట బోర్డు చూసింది. అంతా తెలుపు. ఒక్క అరవై రెండే ఎరుపు. అది ఎరుపుగానే ఉంటుంది మరి. పోయిన మనిషి వచ్చి తిప్పుకుంటాడా?

వేలు చాపి తనే తిప్పింది. "వచ్చెయ్యండి పెద్దాయనా... టీ చల్లారిపోతుంది" అంది లోపల్లోపల.

"అందరూ వచ్చారన్నా."

లంగరు లేచింది.

ఓడ మెల్లగా తిరుగుతోంది. పై హాల్లో కిటికీలకి తెరలు వేసుకుంటూ వస్తోంది గంట. ఒకటి... రెండు... చివరి కిటికీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

గుడిసె తలుపు — తెరిచి ఉంది.

గుమ్మంలో ఒక ఆకారం. ఓడలోంచి దిగినవాళ్ళందరివీ ఎర్ర జాకెట్లు. ఇది ఎరుపు కాదు. బూడిద రంగు. మోకాళ్ళ దాకా వేలాడుతున్న బూడిద రంగు. అటూ ఇటూ ఊగుతోంది.

చెయ్యి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. తర్వాత... రెండు చేతులూ.

"చూడకు" — వెనక నుంచి తుపాకీ అన్న గుసగుస. అతని పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "తెర వెయ్యి. వేసెయ్యి!"

గంట తెర లాగేసింది.

పన్నెండింటికి రెండు కప్పుల టీతో వెళ్ళి గది తలుపు తట్టింది. పలుకు లేదు. పడుకుంటానంది కదా అని ట్రే గుమ్మం దగ్గర పెట్టి వచ్చేసింది. రెండింటికి ట్రే తీసుకుందామని వెళ్ళింది. కప్పులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రెండిటి మీదా మీగడ కట్టింది.

ఏదో తోచింది. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది.

పక్క మీద ముడత లేదు. అలమరా తీసే ఉంది. ఎర్ర జాకెట్ మేకుకి వేలాడుతోంది.

పక్క మేకు ఖాళీ.

ఆ దూది కోటు రంగు... బూడిద.

కెప్టెన్ దగ్గరికి ఎలా పరిగెత్తిందో తెలియదట. "బిళ్ళ నేనే తిప్పాను. నేనే తిప్పాను" — అదే మాట. ఓడ వెనక్కి తిరిగింది. వచ్చింది మూడు గంటల దూరం. వెళ్ళడానికీ మూడు గంటలే. ఈలోగా పొగమంచు కమ్మేసింది.

గుడిసె గొళ్ళెంలో చెక్క మేకు విరిగి ఉంది. లోపల్నుంచి తోసి తోసి విరగ్గొట్టినట్టు. బల్ల మీద ఒక చివరికి ఒదిగి కూర్చుని ఉంది ఆవిడ, ఇంకొకళ్ళు కూర్చునేంత చోటు పక్కన వదిలేసి. ఊపిరి ఉంది. తుపాకీ అన్న ఆవిడని రెండు చేతులా ఎత్తుకుని, పడవ దాకా ఏడుస్తూనే వచ్చాడు.

ఓడలో, డాక్టరు గదిలో, గంట చేతిని పట్టుకుని ఆవిడ కాసేపే మాట్లాడింది. ఒక్కో మాటకీ మధ్య చాలా దూరం.

"ఆయన కోటు వేసుకున్నానమ్మాయ్... ఆయన బిళ్ళే తిప్పాను. ఇవాళ వచ్చింది ఆయన కదా అని... నేను గదిలో పడుకునే ఉన్నాననుకున్నా."

"మాట్లాడకండి అమ్మగారూ..."

"బల్ల మీద కూర్చుంటే కన్నంటుకుంది. పడవ చప్పుడుకి లేచాను. తలుపు రాలేదు. వచ్చేసరికి... మీరు కదిలిపోతున్నారు. చెయ్యి ఊపాను. కిటికీలో ఎవరో ఉన్నారు. చూశారు కూడా."

గంట రెండో చేత్తో దుప్పటి సర్దింది.

"చూసి... తెర వేసేసుకున్నారు" అంది ముసలావిడ. "పాపం, నిద్రవేళ కదా."

అది నేనేనని గంట చెప్పలేకపోయింది. రేపు చెబుదామనుకుంది. అక్కడ రేపు అనడానికి పొద్దు పొడవాలి కదా... కిటికీలో ఎండ అలాగే ఉంది. గడియారంలో పదిన్నరకి ఆవిడ చెయ్యి వదిలేసింది.

గంట చెప్పడం ఆపింది. నా చేతిలో ఎర్ర పెన్ను ఎప్పుడో ఆగిపోయింది.

"మంచి మనసుతో చేశావే తల్లీ" అన్నాను.

"మూడో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల జ్వరంతో పోయింది, గుర్తుందా మాస్టారూ? మీరు దాని పేరు కొట్టెయ్యలేదు. వారం రోజులు హాజరులో పిలిచారు. మేమందరం కలిసి 'వచ్చింది మాస్టారూ' అనేవాళ్ళం."

గుర్తుంది. ఎలా మర్చిపోతాను? ఆ పేరు మీద గీత గియ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

"నేను నేర్చుకున్నది అదే" అంది గంట. నన్ను తప్పుపట్టడానికి కాదు. ఉన్నమాట చెప్పింది, అంతే.

ఉద్యోగం తియ్యలేదు కానీ, బోర్డు దగ్గర్నుంచి మార్చి ఓడ అడుగున బట్టలుతికే గదిలో వేశారట. అక్కడ కిటికీలుండవు. ఆ దీవిలో ఇప్పుడు ఎవరినీ దింపడం లేదు. దూరం నుంచే చూపించి వెళ్ళిపోతారు. కానీ పేరు ఇంకా చెడింది. గుమ్మంలో ఇప్పుడు నిలబడేది వేటగాడు కాదని, బూడిద కోటు వేసుకున్న ఒక ముసలిదని కొత్తగా చేరినవాళ్ళు కూడా చెప్పుకుంటున్నారు. ఓడ అటు వెళ్ళే రాత్రి, ఎవరూ చెప్పకుండానే తెరలన్నీ పడిపోతాయి.

ఒక్కటి తప్ప.

ఆ వేళకి గంట సబ్బు చేతులు తుడుచుకుని, మెట్లన్నీ ఎక్కి పై హాల్లోకి వస్తుంది. చివరి కిటికీ తెర తీస్తుంది. గుడిసె కనిపించినంతసేపూ అక్కడే నిలబడి... చెయ్యి ఊపుతుంది.

అటునుంచి కూడా ఎవరైనా ఊపుతారా అని నేను అడగలేదు.

ఆ పిల్ల చెప్పలేదు.