రబ్బరు తీగల బేసు

మిర్యాలగూడలో గౌరయ్య మ్యూజిక్ షాపుకు మధ్యాహ్నం పూట ఈగలు తప్ప ఎవరూ రారు. వీధిలో రైస్ మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన, లోపల పాత హార్మోనియంల చెక్క వాసన. గౌరయ్య అన్నం తిని కాస్త నడుం వాల్చుదామనుకునే వేళకు శిరీష వచ్చి కూర్చుంది. గోడకున్న బేసు గిటార్లన్నీ ఒక్కొక్కటే దింపించింది. ప్రతిదాని తీగ మీదా వేలు ఆనించి, కాలినట్టు వెనక్కి తీసుకుంది.

"స్టీలు తీగలు వద్దని చెప్తున్న గదా."

"బేసుకు స్టీలు గాకపోతే నూలు దారాలు కడ్తరా అమ్మా?" గౌరయ్యకు విసుగొచ్చింది. ఆ పిల్ల మాట్లాడే తీరు చూస్తే బేరానికి వచ్చినట్టు లేదు, తగువుకు వచ్చినట్టుంది. అయినా ఏదో గుర్తొచ్చి స్టూలెక్కి అటక మీది నుంచి ఒక నల్ల సంచి దించాడు. దుమ్ము దులిపి జిప్పు తీశాడు.

లోపల ఉన్నది యుకలేలే అనే బుల్లి నాలుగు తీగల వాయిద్యం కన్నా కాస్త పెద్దది, గిటార్ కన్నా బాగా చిన్నది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకలో ఇమిడిపోతుంది. దాని మీద మాత్రం నాలుగు లావుపాటి నల్ల తీగలు, వేలితో నొక్కితే సాగుతున్నాయి.

"యుకలేలే బేసంటరు. రబ్బరు తీగలు. ఓ చర్చి వాళ్లు తెప్పించుకుని, బొమ్మలెక్కుందని వాపసిచ్చిన్రు."

శిరీష మీటింది. ఏమీ వినిపించలేదు. ఈగ రొద కన్నా తక్కువ. ఒంటికి ఆనించుకుంటే మాత్రం పక్కటెముకల్లో సన్నగా గుయ్‌మంది. రబ్బరుకు వేళ్లు అతుక్కుంటుంటే గౌరయ్య పౌడరు డబ్బా తెచ్చి ఆమె వేళ్ల మీద చల్లాడు. తర్వాత వైరు గుచ్చి ఆంప్లిఫయర్ ఆన్ చేశాడు. ఈసారి మీటగానే షాపులో హార్మోనియం మూతలన్నీ గడగడలాడాయి. అంత చిన్నదాంట్లోంచి అంత లోతైన గొంతు వస్తుందని శిరీష అనుకోలేదు.

"తీగలకు కరెంటు రాదు గదా?"

"రబ్బరాయె. ఎట్లొస్తది?"

ఆమె నవ్వింది. గౌరయ్యకు ఆ నవ్వు నచ్చలేదు. డబ్బు లెక్కపెట్టుకుని సంచి చేతికిస్తూ, "కొత్త తీగలు సాగుతయమ్మా. కొన్నాళ్లు శ్రుతి జారుతనే ఉంటది. నాలుగూ నాలుగు తీర్ల జారుతయి. రోజూ బిగించుకో," అన్నాడు.

శిరీష కోపం ఊరికే వచ్చింది కాదు. మోతె దగ్గరి తండాలో ఆమెతోపాటు పెరిగిన సొంత అన్న చరణ్, కోదాడ జనార్దన్ ఆర్కెస్ట్రాలో బేసు వాయించేవాడు. ఒక పెళ్లి రిసెప్షన్‌లో ఒక చెయ్యి స్టీలు తీగల మీద, ఇంకో చెయ్యి మైకు మీద ఉండగా షాక్ కొట్టి ప్రాణం పోయింది. టెంటు సామాను వాళ్లు తెచ్చే కరెంటు బాక్సులకు రెండే బొక్కలుంటాయి. ఆంప్లిఫయర్ ప్లగ్గుకేమో మూడు కాళ్లు. లావుగా ఉండే ఆ మూడోది ఎర్త్ పిన్ను, మనిషిని కాపాడేది అదే. అది దూరదు కాబట్టి కటింగ్ ప్లేయరుతో పుటుక్కున విరిచి పారేస్తారు. పాట ఆగకూడదు కదా! పాడేవాడు ఆగిపోయినా ఫరవాలేదు. ఈ చుట్టుపక్కల ఏ స్టేజీ వెనక్కి వెళ్లి చూడండి, కుంటి ప్లగ్గులే.

ఆర్కెస్ట్రా నడుపుతూ అందులో పాడే జనార్దన్ ఏం చెప్పాడయ్యా అంటే, తాగి తూలిపడ్డాడన్నాడు. జన్మలో కల్లు చుక్క ముట్టనివాణ్ని! పోలీసులకూ అదే చెప్పాడు. తండాకు వచ్చి, తండ్రి ధన్‌సింగ్ చేతులు పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ అదే చెప్పాడు. అంత పెద్దమనిషి తన వాకిట్లో ఏడిస్తే ధన్‌సింగ్ నమ్మక ఏం చేస్తాడు?

తండాలో దీపావళికి పొయ్యి నిప్పుల మీద నెయ్యీ తీపన్నం వేసి, పోయినవాళ్లను పేరుపేరునా పిలుస్తారు. ఆ ఏడు ధన్‌సింగ్ తాతలను పిలిచాడు, ముత్తాతలను పిలిచాడు. "తాగి సచ్చినోని పేరు నా నోట్ల రాదు," అని లేచిపోయాడు. తల్లి రంగి ఆ పొగలోకి చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయింది. ఆ కూర్చోవడం చూసినప్పటి నుంచి శిరీషకు కడుపులో నిప్పు ఆరలేదు. జనార్దన్ తన నోటితో, తన మైకులో, తల్లి వింటుండగా నిజం చెప్పాలి. అంతకు మించి ఆమెకు ఏమీ అక్కర్లేదు. ఆ మాట వస్తే అన్న పేరు నిప్పుల దాకా చేరుతుంది.

అలాంటి సమయంలో జనార్దనే ఫోన్ చేశాడు. "మా బేసు కుర్రాడు మానేశాడమ్మా. మీ అన్న దగ్గర నేర్చుకున్నావుగా, వచ్చెయ్." ఎంత సిగ్గులేనితనం! "వస్త సార్," అంది శిరీష, పళ్లు నూరుకుంటూ.

సూర్యాపేటలో కిరాయి గదికి బేసు తెచ్చుకుని ఆ సాయంత్రమే శ్రుతి చేసింది. పొద్దున చూస్తే జారింది. గౌరయ్య చెప్పాడు కదా అనుకుని బిగించింది. మర్నాడూ జారింది. శ్రుతి చూపే ట్యూనర్ పెట్టి చూసి ఆమె ముఖం చిట్లించింది. నాలుగు తీగలూ ఒకే తీరుగా జారాయి. సరిగ్గా ఒక మెట్టు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఒక మెట్టు దించేది చరణ్. జనార్దన్ గొంతు పైకి ఎక్కదు. దాన్ని దాచడానికి బేసు తీగలు ఒక మెట్టు దించి పెట్టేవాడు, పాపం అన్న.

మళ్లీ బిగించింది. మళ్లీ అంతే. గదిలో ఏదో వాసన... కాలిన వైరు వాసన. బోర్డు చూసింది, స్విచ్చులు చూసింది. ఏమీ కాలలేదు. భయం వేయాల్సిన చోట ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరి కోసం దించుతున్నవ్ అన్నా?" గోడల మీద అరిచింది. "నిన్ను చంపినోని గొంతు కోసమా? ఇంకా వాని నౌకరీ చేస్తున్నవా?"

సంచిలో ఉన్న బేసు ఒక్కసారి గుయ్‌మంది.

ప్రోగ్రాం కోదాడలో, చరణ్ పోయిన అదే ఫంక్షన్ హాల్లో. తల్లిని వెంటబెట్టుకుని శిరీష మధ్యాహ్నమే వెళ్లింది, సౌండ్ చెక్ చేసుకోవడానికి. బయట మబ్బులు కమ్మి పట్టపగలే దీపాలు పెట్టాల్సి వచ్చింది. హాల్లో బంతిపూల వాసన, వెనక వంటల దగ్గర్నుంచి మసాలా వాసన, వాటి అడుగున సన్నగా... కాలిన వైరు వాసన. రంగి చివరి వరుసలో కుర్చీ అంచు మీద కూర్చుంది. కొడుకు పోయిన స్టేజీ వైపు చూడకుండా ఒళ్లో చేతులు చూసుకుంటోంది.

స్టేజీ వెనక శిరీష వంగి చూసింది. రెండు బొక్కల బాక్సు. కుంటి ప్లగ్గు. ఒక మనిషిని మింగిన తర్వాత కూడా అదే!

"ఎర్త్ యాడుంది రాకేష్?"

రాకేష్ జనార్దన్ మేనల్లుడు, సౌండు అతనే చూస్తాడు. "రబ్బరు తీగలే గదక్కా, నీకేమైతది?" అని నవ్వాడు.

"నాకు గాదు. మైకు పట్టుకునేటోని సంగతి అడుగుతున్న."

"అపశకునం మాటలు ఎందుకమ్మా," అన్నాడు జనార్దన్, జరీ కండువా సర్దుకుంటూ. ఆమె చంకలోని బేసు చూసి పెదవి విరిచాడు. "ఈ బొమ్మ ఏంటి? సర్లే, వాయించు."

వాయించింది. జనార్దన్ పాడాడు. పాట పైకి వెళ్లేచోట గొంతు పిల్లిలా చీలింది. అతను చిరాకుగా వెనక్కి తిరిగాడు.

"మీ అన్నలాగా ఒక మెట్టు దించు."

శిరీష వాయించడం ఆపింది. బేసు తీసి పక్కన కుర్చీలో పడుకోబెట్టింది. అడుగుదామని రోజులుగా కూడగట్టుకున్నదంతా ఒకే మాటలో బయటికొచ్చింది.

"మా అన్న తాగిండా సార్?"

"ఇప్పుడా మాటలు..."

ఉరిమింది. కరెంటు పోయింది.

హాలు నల్లగా అయిపోయింది. ఆంప్లిఫయర్ మీది ఎర్రలైటు ఆరిపోయింది. రేకుల మీద వాన మొదలైంది. ఎవరో అగ్గిపెట్టె అన్నారు, ఎవరో జనరేటర్ అన్నారు. అప్పుడు...

గుమ్. గుమ్. గుమ్.

బేసు. స్పీకర్లలోంచి. అదే పాట, ఒక మెట్టు కింద.

"ఆపక్కా..." గుసగుసగా అన్నాడు రాకేష్.

"నేను వాయిస్తలేను."

రాకేష్ ఫోన్ లైటు వేశాడు. శిరీష రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. కుర్చీలో బేసు వెల్లకిలా పడి ఉంది. దాని లావు తీగ ఒకటి చెక్కకు అంటుకునేలా కిందికి నొక్కుకుపోయింది. పైకి లేచింది. పక్క మెట్టు దగ్గర మళ్లీ నొక్కుకుంది. దాని మీద వేలు లేదు.

లైటు జనార్దన్ మీదికి తిరిగింది. అతను మైకు పట్టుకుని ఉన్నాడు. పిడికిలి తెల్లబడింది. మెడ నరాలు తేలాయి. ఒళ్లంతా సన్నగా వణుకుతోంది.

"స్విచ్... తియ్యండ్రా..."

"తీసిన మామా." రాకేష్ గొంతు ఏడుపులోకి దిగింది. "ప్లగ్గు నా చేతులనే ఉంది..."

నిజమే. రెండు కాళ్ల ప్లగ్గు అతని చేతిలో వేలాడుతోంది.

శిరీషకు భయం వేసింది. కానీ భయం కన్నా కోపమే ముందు నడిచింది. జనార్దన్ ముఖానికి ముఖం పెట్టి నిలబడింది.

"చెప్పు. మా అన్న తాగిండా?"

"తాగలేదు..." కరెంటు లేని స్పీకర్లన్నింటిలోంచి ఆ మాట హాలంతా మోగింది. "తాగలేదు... ఎర్త్ పెట్టమని బతిమాలాడు... నేనే విరగ్గొట్టించాను... పిన్ను నేనే..."

చివరి వరుసలో కుర్చీ కిర్రుమంది. రంగి లేచింది.

ఇంతకాలం కోరుకున్న మాట వచ్చేసింది. శిరీష మనసు చల్లబడాలి. పడలేదు. ఇంకా బిగించు అన్నా, ఇంకా బిగించు, అని లోపల అరుస్తోంది. ఆ మనిషి అక్కడే మాడిపోవాలని ఆమె కోరుకుంది. మనస్ఫూర్తిగా కోరుకుంది.

రంగి చీకట్లో కుర్చీలు తడుముకుంటూ స్టేజీ ఎక్కింది. బేసు పక్కన కూర్చుని, నిద్రపోతున్న పిల్లాణ్ని తట్టినట్టు దాని చెక్క మీద చెయ్యి వేసింది.

"చాలు బేటా. చెప్పిండు గదా. విన్న. వదిలెయ్."

ఆగలేదు. ఇంకా గట్టిగా మోగింది. కిటికీ అద్దాలు అదిరాయి. జనార్దన్ ముక్కులోంచి సన్నగా రక్తం దిగింది.

రంగి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"వీడు చరణ్ కాదు," అంది.

"యాడీ..." తల్లిని పిలిచింది శిరీష.

"నా కొడుకు నాకు తెల్వదా? నేను చాలంటే ఆగుతడు వాడు. వీడు నా కొడుకు కాదు. ఎవరో వేరే పిల్లగాడు."

ఆ మాట జనార్దన్ చెవిన పడింది. అప్పటిదాకా నొప్పితో వంకర్లు తిరిగిన ముఖం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఈసారి స్పీకర్లు పలకలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"నిఖిల్..."

"నిఖిల్ ఎవరు?" అడిగింది శిరీష.

రాకేష్ ఒకడుగు వెనక్కి వేశాడు. "నాకు తెల్వదక్కా... నేను రాకముందు ఎవరో... మా ఇంట్ల ఆ పేరు తియ్యనియ్యరు..."

అంటే చరణ్ మొదటివాడు కాదు. అంతకుముందు ఒకడున్నాడు, వాడూ జనార్దన్ గొంతు కోసం ఒక మెట్టు దించినవాడే. వాడు చచ్చిన తర్వాత కూడా ప్లగ్గు కాళ్లు విరుస్తూనే ఉన్నారు.

రంగి మోకాళ్ల మీద చేతులూని లేచి జనార్దన్ ముందుకు వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు, తెలుసుకోవాల్సిన పని ఉన్న మనిషిలా అడిగింది.

"ఆ పిల్లగాని తల్లి ఏ ఊర్ల ఉంటది?"

బేసు ఆగిపోయింది.

వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. తీగ చెక్కకు నొక్కుకుని అలాగే ఉంది, లేవలేదు. శిరీష, రాకేష్, వంటల దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన మనుషులు, అందరూ జనార్దన్ నోటివైపే చూస్తున్నారు. ఊరి పేరు ఒక్కటి చెబితే చాలు.

జనార్దన్ రాకేష్‌ను చూశాడు. వచ్చిన జనాన్ని చూశాడు. పళ్లు బిగించి, తల అడ్డంగా ఊపాడు.

గుమ్.

మళ్లీ మొదలైంది. ఈసారి బేసులు రెండు. ఒకటి కుర్చీలోంచి. రెండోది స్టేజీ వెనక చీకట్లోంచి, నెమ్మదిగా, మెత్తగా, మొదటిదానికి తోడు నడుస్తూ...

రంగి తలెత్తి విన్నది. ఆమె ముఖం వెలిగింది.

"అగో," అంది కూతురితో. "ఇప్పుడొచ్చిండు చరణ్."

జనార్దన్ కళ్లు వెళ్లబెట్టి ఆమె వైపే చూస్తున్నాడు. రంగి వెళ్లి ముందు వరుసలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఈసారి ఆమె చాలు అనలేదు.