ఒక్క స్టార్ ఇచ్చిన అమ్మాయి

ఫణికుమార్ ఐప్యాడ్ కోసం తయారుచేసిన పజిల్ గేమ్‌ని అమెరికాలోని ప్లెయిన్స్‌బరో ఊళ్లో మెచ్చుకోని తెలుగువాళ్లు లేరు. మూలకాల బిళ్లల్ని జతచేసి అణువులు కట్టాలి. ఒకవైపు పిల్లలు, ఇంకోవైపు పెద్దలు కూర్చుని ఆడాలి. అపార్ట్‌మెంట్లలోని అంకుల్స్ అందరూ తలా ఐదు స్టార్లు పడేసి, ‘సూపర్ బాసూ’ అని రాసి, మళ్లీ గ్రీన్‌కార్డ్ కబుర్లలో పడిపోయారు.

ఒక్క స్టార్ ఇచ్చిన మహానుభావుడు మాత్రం ఒకడున్నాడు. ‘ఇది చేసినవాడు కెమిస్ట్రీ క్లాసులో నిద్రపోయాడు’ అని రాశాడు. పొగడ్తలన్నీ మరిచిపోయిన ఫణికి ఆ వాక్యం మాత్రం కంఠతా వచ్చేసింది.

ఆ ఆదివారం వీరభద్రం అంకుల్ ఇంట్లో లంచ్. పేరుకి గేమ్ సక్సెస్ పార్టీ, అసలు సంగతి ఫణికి పెళ్లిచూపులు. అమెరికాలో పెళ్లిచూపులకి ఆ పేరు పెట్టరు, బిర్యానీ పెడతారు.

మందుల కంపెనీలో కెమిస్ట్‌గా పనిచేసే రజిని ప్లేటుతో వచ్చి అతని పక్కన కూర్చుంది. పెద్ద కళ్లు. మొహమాటం బొత్తిగా లేదు.

“నియాన్‌ని రమ్మీలో జోకర్‌లా పెట్టారెందుకండీ?” అంది, మొదటి మాటగా.

“ఫ్యామిలీ గేమ్ కదా. ఎవరూ ఇరుక్కుపోకుండా, దేనితోనైనా కలిసేలా...”

“నియాన్ దేనితోనూ కలవదు. క్లాసులో నిద్రపోయారని రివ్యూలో రాసింది అందుకే.”

ఫణి చేతిలోని స్పూన్ జారి రైతాలో పడింది.

“ఆ ఒక్క స్టార్ మీరా! ఎంత హర్ట్ అయ్యానో తెలుసా?”

“మా అక్క కూతురు అనిక మీ గేమ్ ఆడి, స్కూల్ టెస్ట్‌లో నియాన్ ఆక్సైడ్ అని రాసొచ్చింది. టీచర్‌తో పోట్లాడింది కూడా. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. పాపం, మీరు హర్ట్ అయ్యారు!”

ఫణికి కోపం ముంచుకొచ్చింది. చూపు మాత్రం తిప్పుకోలేకపోయాడు.

“ఇంకోటి. చివరి లెవెల్లో పిల్లలవైపు టైమ్ తక్కువ. పెద్దాళ్లే గెలవాలనా?”

“చివరి లెవెల్ దాకా ఆడారా?”

“తిట్టేముందు ఆడాలి కదండీ.”

అంతలో వీరభద్రం అంకుల్ వచ్చి ఫణి వీపు చరిచాడు. “ఏమయ్యా, గేమ్ అదరగొట్టేశావు! మావాడు ఆ కార్ల రేసు వదిలితే ఒట్టు!”

“నా గేమ్‌లో కార్లు లేవంకుల్.”

“ఏదైతేనేం, గ్రాఫిక్స్ కేక!”

ఫణికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఈ స్టార్లు చూసుకునేనా తను ఉబ్బిపోయింది!

విజయవాడ నుంచి వచ్చి ఉంటున్న అతని తల్లి శశికళ అతన్ని పక్కకి లాగింది. “ఈ నోటికే ఆ పిల్లకి ఇదివరకు సంబంధాలు తప్పిపోయాయట. మనకొద్దురా,” అంది, గుసగుస అనుకుంటూ గట్టిగానే.

రజిని వింది. మొహం చిన్నబోయింది. ప్లేటు పక్కన పెట్టి కారు తాళాలు తీసుకుంది.

ఆమె గుమ్మం దాటితే మళ్లీ రాదని ఫణికి అర్థమైంది. అమ్మ మాట కాదనడం అతనికి అలవాటు లేదు. అయినా గొంతు పెంచాడు.

“ఒక్క నిమిషం, అందరూ వినండి. నా గేమ్ తప్పు. ఇవాళే స్టోర్‌లోంచి తీసేస్తున్నాను, సరిచేశాకే మళ్లీ పెడతాను. మీరంతా మెచ్చుకున్నారు, సంతోషం. ఆడింది మాత్రం ఈవిడొక్కరే.”

బిర్యానీ నములుతున్న నోళ్లు ఆగిపోయాయి. ఫణి ఆమె ముందుకెళ్లి నిలబడ్డాడు.

“రజినీ, మీరంటే నాకిష్టం. నేను ఏం చేసినా ముందు మీరే చూడాలి, మీరే తిట్టాలి. అనికకి సారీ నేనే వచ్చి చెప్తాను.”

శశికళ కొడుకుని ఎగాదిగా చూసింది. వాడు పదిమందిలో ఇంత గట్టిగా మాట్లాడటం ఆవిడ ఎన్నడూ చూడలేదు. నిట్టూర్చి, రజిని వైపు తిరిగింది.

“మావాడు సిగ్గు వదిలేశాడు. నువ్వేమంటావమ్మా?”

రజిని తాళాలు బ్యాగులో వేసేసింది. మొట్టమొదటిసారి తల వంచుకుంది.

“గేమ్ బాగాలేదు ఆంటీ. అబ్బాయి బాగున్నాడు.”